లియోరా పిన్ని గుర్రాల దొడ్డి

మా కెటిల్ లోయలో గుర్రాల గురించి మాట్లాడని మనిషి లేడు. తెలిసి మాట్లాడే మనిషి మాత్రం ఒక్కతే ఉండేది, మా లియోరా పిన్ని. ఆవిడ పోయి రెండు నెలలయింది. చర్చిలో పాదిరి ఆవిణ్ణి "అడవి గుర్రాల తల్లి" అన్నాడు. పిన్ని విని ఉంటే శవపెట్టె మూత తోసుకుని లేచి అతనికి నాలుగు చీవాట్లు పెట్టేది. ఎక్కువైపోయిన గుర్రాలను పట్టి లోయ నుంచి బయటికి పంపడం ఆవిడ పని. ముప్ఫై ఏళ్ళు ఆ పనే చేసింది.

ఈ గుర్రాలను నగరాల్లో వాళ్ళు స్వేచ్ఛకు ప్రతిరూపాలంటారు, గోడకు బొమ్మలు తగిలించుకుంటారు. అసలు సంగతి మాకు తెలుసు. ట్రాక్టర్లు వచ్చాక మేపడం దండగని మా తాతలు కొండల్లోకి తోలేసిన నాగలి గుర్రాల సంతానం ఇవి. మా తాత ఒక్కడే పదకొండింటిని తోలాడు, ఆ తరువాత ఆదివారం ప్రార్థనలో ముందు వరసలో కూర్చున్నాడు. అవి నాలుగేళ్ళకోసారి రెట్టింపవుతాయి. లోయలో గడ్డి మాత్రం రెట్టింపు కాదు. ఆవుల వాళ్ళు గడ్డంతా గుర్రాలే మేశాయంటారు. తమ ఆవులు నూరేళ్ళుగా గాలి భోంచేసి బతికినట్టు మాట్లాడతారు. ఇక గుర్రాల లెక్క చూసే ప్రభుత్వ ఆఫీసు వాళ్ళు ఏడాదికోసారి ఆకాశంలోంచి లెక్కపెట్టి, సమావేశం పెట్టి, ఇంకో సమావేశం ఎప్పుడో నిర్ణయించుకుని ఇళ్ళకు పోతారు.

పిన్ని పద్ధతి వేరు. మహోగనీ అని మేం పిలిచే నీటి ఊట చుట్టూ ఇనుప పలకలతో దొడ్డి కట్టేది. మొదటి వారం వాకిలి బార్లా తీసి ఉంచేది. లోపల ఉప్పుగడ్డ, కాస్త ఎండుగడ్డి పెట్టేది. గుర్రాలు వచ్చి నీళ్ళు తాగి పోయేవి, మళ్ళీ వచ్చేవి. ప్రతి గుంపుకూ పెద్దరికం చేసే ఆడగుర్రం ఒకటుంటుంది. అది నమ్మితేగాని మిగతావి నమ్మవు. దానితోపాటు గుంపంతా, చిట్టచివరి పిల్లతో సహా లోపలికి వచ్చాకే పిన్ని తాడు లాగి వాకిలి మూసేది. తల్లి లోపల, పిల్ల బయట అనే మాట ఆవిడ దొడ్డిలో లేదు. ఒక్క పిల్ల కోసం నాలుగు రోజులు కూర్చున్న సందర్భాలున్నాయి. హెలికాప్టరుతో తరిమితే గుర్రాలు కాళ్ళు విరగ్గొట్టుకునేవి. పిన్ని దొడ్డిలో ముప్ఫై ఏళ్ళలో ఒక్కటి కూడా కుంటలేదు.

"వాటిని పట్టేది నేను కాదురా, దాహం," అనేది. "ఇంకెక్కడా నీళ్ళు లేకపోతేనే ఇక్కడికొస్తాయి. అంతే విద్య. దీనికి ఆఫీసోళ్ళు రెండొందల పేజీలు రాశారు."

ఆ పెద్ద కరువు ఏడాది పిన్నికి డెబ్బై ఒకటి. జులై కల్లా నూట ఇరవై గుర్రాల్లో దాదాపు సగాన్ని దొడ్డిలోకి రప్పించి లారీలెక్కించింది. అరవై నాలుగు మిగిలాయి. సెప్టెంబరు సగం దాటితే లోయలో పోచ మిగలదని చూస్తేనే తెలుస్తోంది. హెలికాప్టరు వచ్చే మార్చికి గాని దొరకదని ఆఫీసు నుంచి వచ్చే టేట్ చెప్పాడు. టేట్ మంచివాడే, పై వాళ్ళ మాట కిందికి మోసే మనిషి. మార్చికి వస్తే ఎముకలు లెక్కపెట్టుకోవచ్చని పిన్ని అతని మొహం మీదే అంది. అరవై నాలుగూ దొడ్డిలోకి వస్తే బతుకుతాయి, రాకపోతే చస్తాయి. మధ్యలో ఇంకో దారి లేదు.

అప్పుడు దిగింది మెరెడిత్. నగరంలో గుర్రాల ప్రేమికుల సంఘం ఒకటుంటే దానికి అధ్యక్షురాలు. కొత్త టోపీ, కొత్త బూట్లు, కళ్ళ నిండా నీళ్ళు. నాకు రోడ్లకు నీళ్ళు చల్లే ట్యాంకరుందని ఎవరో చెప్పారట.

"అవి దాహంతో చచ్చిపోతున్నాయండీ. పడమటి పక్క తొట్టి పెట్టించాం. మీరు నీళ్ళు పోస్తే చాలు," అంది.

"అమ్మా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మా పిన్ని ఉంది, చూసుకుంటుంది. మీరు ఇంటికెళ్ళి కుక్కపిల్లను చూసుకోండి," అన్నాను.

ఆ మాట ఆ సాయంత్రం హోటల్లో పదిమందికి చెప్పి నవ్వించాను కూడా. బీన్సు గిన్నె ముందు కూర్చుని నగరం వాళ్ళ జాలి గురించి అరగంట ఉపన్యసించాను. నా అంతటి తెలివైనవాడు ఆ లోయలో లేడన్నట్టుంది నా వాలకం.

రెండు రోజుల తరువాత పడమటి పక్క దారిలో పోతుంటే ఒక బూడిదరంగు గుర్రప్పిల్ల కనబడింది. ఎప్పుడో ఎండిపోయిన నీటి గొట్టం మూతిని నాకుతోంది. నాలుక నల్లబడింది. నేను బండి దిగితే పారిపోలేదు, గొట్టాన్ని వదల్లేదు. ఛీ, ఎందుకు చూశానో. దాని తల్లి పక్కనే ఉంది. తూర్పుకు ఆరు మైళ్ళు నడిస్తే పిన్ని ఊట ఉంది. ఆ రాత్రికో మర్నాటికో అది పిల్లను తీసుకుని నడిచేదే. ఏటా నడుస్తూనే ఉన్నాయి. నాకు తెలుసు. తెలిసి కూడా ట్యాంకరు తెచ్చి తొట్టి నింపాను. ఆ పిల్ల మూతి ముంచి తాగుతుంటే నా గుండె ఎంత తేలికపడిందో చెప్పలేను. మూడు రోజులకు మళ్ళీ నింపాను. తరువాత రోజు విడిచి రోజు. మెరెడిత్ ఫొటో తీసుకుంటానంటే టోపీ సర్దుకుని నిలబడ్డాను.

దొడ్డికి గుర్రాలు రావడం ఆగిపోయింది.

పిన్నికి దిక్కుతోచలేదు. కొండ సింహం తిరుగుతోందేమోనని కొండంతా అడుగుల కోసం వెతికింది. గడ్డికి బూజు పట్టిందేమోనని మార్చింది. వాకిలి గాలివాలుకు ఉందేమోనని దొడ్డి మొత్తం విప్పి, తిప్పి, మళ్ళీ కట్టింది. ఆ ఇనుప పలకల రెండో కొస పట్టుకున్నది ఎవరనుకున్నారు? నేనే. ఎండలో ఆవిడ చేతులు బొబ్బలెక్కుతుంటే అటు చూడకుండా మోశాను.

"ముసలిదాన్నైపోయాన్రా హోలిస్," అంది, పలక ఆనించి రొప్పుతూ. "నా వాసన వాటికి నచ్చడం లేదేమో. ఏదో తప్పు చేశాను, అదేదో తెలియడం లేదు."

"ఎండ ఎక్కువగా ఉంది గదా పిన్నీ, వస్తాయిలే," అన్నాను.

వస్తాయిలే అట. అంతకంటే నా నాలుక ఊడిపోయినా బాగుండేది. రేపు ఆపేద్దాం అనుకునేవాణ్ణి. రేపు ఆ పిల్ల తొట్టి దగ్గర నిలబడి ఉండేది. మూడు వారాలు గడిచాయి. తొట్టి చుట్టూ రెండు మైళ్ళ మేర పోచ లేదు, పొదల బెరడు కూడా లేదు. గడ్డి ఉన్నచోటికి పోతే నీళ్ళకు తిరిగిరాలేవు గనక అక్కడే నిలబడ్డాయి. ప్రతి ట్యాంకరుకూ డొక్కలు ఇంకాస్త లోపలికి పోయి కనబడేవి. కడుపునిండా నీళ్ళు తాగి ఆకలితో చావడం అంటే ఏమిటో నేను దగ్గరుండి చూశాను, చూస్తూ ఇంకా పోశాను.

చివరికి పిన్ని గుర్రమెక్కి అడుగుజాడలు పట్టుకుని పడమటికి పోయింది. మధ్యాహ్నం నేను భోంచేస్తుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కూర్చోలేదు.

"తొట్టి చూశాను. చక్రాల జాడలు నీ బండివి," అంది.

"ఒక పిల్ల గొట్టం నాకుతుంటే చూడలేకపోయాను పిన్నీ."

"ఓహో. నువ్వు చూడలేకపోయావు. ముప్ఫై ఏళ్ళుగా నేను చూడగలిగాను గాబట్టి నాకు గుండె లేదనుకున్నావు, అంతేనా?"

"అలా అనుకోలేదు."

"మరేమనుకున్నావురా? ఆ మెరెడిత్‌కు తెలియదు పాపం, నగరంలో పుట్టింది. ఈ లోయలో పుట్టి, నా పక్కన నిలబడి ఇనుము మోసి, నేను తప్పు చేశానని ఏడుస్తుంటే వింటూ ఊరుకున్నావు. జాలి ఉంటే సరిపోదురా, సన్నాసీ. దాన్ని కడదాకా మోయడం రావాలి."

నేను పళ్ళెం పక్కకు జరిపాను. సంజాయిషీ చెప్పుకుందామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"లే. వచ్చి ఆ తొట్టి ఖాళీ చెయ్యి. నువ్వే చెయ్యాలి."

వెళ్ళాం. నేను తొట్టి అడుగున బిరడా లాగాను. నీళ్ళు మట్టిలోకి పోతుంటే గుర్రాలు దగ్గరికి వచ్చి ఆ తడిమట్టిని మూతులతో తడిమాయి. పిన్ని జీను మీద నుంచి చూస్తూ ఉంది. మర్నాడు పొద్దున్నే నడవగలిగినవి తూర్పుకు బయలుదేరాయి. రెండో రోజు సాయంత్రానికి నలభై ఒకటి దొడ్డిలోకి వచ్చాయి. ఆఖరిది వచ్చేదాకా ఆగి పిన్ని తాడు లాగింది. వాటిలో తల్లితోపాటు బూడిదరంగు పిల్ల ఉందేమోనని పలకల సందుల్లోంచి ఒక్కొక్కదాన్నీ వెతికాను. లేదు.

ఇరవై మూడు పడమటి పక్కనే ఉండిపోయాయి. ఊట దాకా నడిచే సత్తువ లేదు, లారీ ఎక్కించినా దారిలోనే పోతాయని పశువైద్యుడు చెప్పాడు. వాటి బాధ తీర్చేయడానికి మూడో రోజు పొద్దున టేట్ తుపాకీ తీసుకుని వచ్చాడు. అవి నాలుగు దిక్కులా చెదిరిపోయి ఉంటాయి, పొదల్లో వెతికి ఒక్కొక్కదాని వెంటా పడాలంటే రోజంతా పడుతుంది, బాధ కూడా ఎక్కువవుతుందని దిగులుపడ్డాడు.

"వెంటపడక్కర్లేదు. హోలిస్, నీ ట్యాంకరు తియ్యి," అంది పిన్ని.

నేను ట్యాంకరు తీశాను. ఆవిడ నా పక్కన కూర్చుంది, టేట్ అటు చివర. ఖాళీ ట్యాంకరు గతుకుల్లో డబడబలాడుతుంటే తొట్టి దాకా పోయి ఇంజను ఆపాను.

టేట్ దేన్నీ వెతకాల్సిన పని లేకపోయింది. నా బండి చప్పుడు విని ఇరవై మూడూ వాటంతట అవే వచ్చాయి. అన్నిటికంటే ముందు ఆ పిల్ల వచ్చింది.