బాపు పలికిన ద-న్యే

సచిన్ అనే మగ్గాల ఊరి మీదుగా బస్సు వెళ్తుంటే కిటికీలోంచి మగ్గాల నూనె వాసన, తడిసిన పాలిస్టర్ దారం వాసన కలిసి వస్తాయి. ఆ వాసన తగిలితే చాలు, నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు జోల్వాలో, బతుకుతెరువుకు వలసొచ్చి మేమున్న గదికీ మగ్గాల షెడ్డుకీ మధ్య ఒక్క గోడే అడ్డం. వానాకాలమంతా ఆ గోడ చెమ్మెక్కి వణుకుతుండేది. బతుకమ్మ నాడు అమ్మ కట్టిన మలీద ముద్దల మీద కూడా సన్నటి దారపు నూగు వాలేది. అవతలి గల్లీలో గర్బా పాటలు హోరెత్తుతుంటే మేం ఆ నూగు ఊదుకుంటూ తినేవాళ్లం.

బాపు ఆరో తరగతి దాటలేదు. కానీ దారాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి అది ఎన్ని డెనియర్లో చెప్పేవాడు. దారం సన్నదనాన్ని కొలిచే ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. పడుచుతనంలో బాపు, పూల డిజైన్లు నేసే జకార్డు మగ్గాలు బిగించడానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇంజినీరు వెంట నెల రోజులు తిరిగి, ఆయన పలికినట్టే దాన్ని పట్టుకున్నాడు. గోడవతల మగ్గం దెబ్బ పడ్డప్పుడల్లా నా మోకాలి మీద తడుతూ నాకూ నేర్పాడు.

"రెండే దెబ్బలురా. ద... న్యే. ఆఖర్ల 'ర్' రాతల ఉంటది గని నోట్ల రాదు."

మా తెలుగు బడిలో, ఎనిమిదో తరగతప్పుడు కొలతల పాఠం చదవమంటే డెనియర్ అన్న మాటను నేను అట్లాగే చదివాను. క్లాసంతా గొల్లుమంది. అది ఫ్రెంచి మాటనీ, బాపు నేర్పాడనీ సారుకు చెప్పాను. సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన బాపును సైన్సు సారు గుమ్మంలోనే ఆపాడు.

"ఏమయ్యా, ఫ్రెంచి గూడ నువ్వే చెప్తున్నవా? డె-ని-యర్. మూడు ముక్కలు. ఏదీ, అను!"

"గట్ల కాదు సార్, ఆ దొర..." అని బాపు మొదలుపెట్టాడు.

నేను అడ్డుపడ్డాను. "మా బాపుకు సదువు రాదు సార్. నేను జెప్పినా ఇనడు."

పిల్లలందరి ముందు, చేతులు కట్టుకుని, బాపు ఆ మాటను మూడు ముక్కలుగా అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఈ సంగతిని పెళ్లిళ్లలో నవ్వుల కోసం చెబుతున్నాను, బాపు తప్పు నేర్పి నన్ను నవ్వులపాలు చేశాడని. అబద్ధం. బాపు సరిగ్గానే నేర్పాడు. ఎవరి నోట విని నేర్పాడో నాకు ఆ రోజే తెలుసు. ఆ సారు మీద నాకు కోపం చావలేదు; నా కథ విని పగలబడి నవ్వినవాళ్ల మీదా కోపమే. కానీ వాళ్లకు నిజం తెలియదు. తెలిసి అబద్ధమాడింది నేనొక్కణ్ణే.

జోల్వాలో ఆ షెడ్డు ఇప్పుడు లేదు. దెబ్బల మగ్గాలు పోయి నీళ్లు చిమ్మి దారాన్ని తోసే మగ్గాలు వచ్చాయి. మొన్న అడాజన్‌లో, మా ఫ్లాటు బాల్కనీలో, నా కూతురు పుస్తకం పట్టుకుని బాపు పక్కన కూర్చుంది.

"తాతా, డెనియర్ మత్లబ్ ఏంది?"

బాపు పెదవులు కదిలాయి. అంతలో గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశాడు.

"మీ నాయిన ఉన్నడు గదా బిడ్డా, అడుగు. నాకేం ఎరుక?"