పాడని పాటగాడు

మా వదిన గొంతు పెంచి మాట్లాడటం నేను ఒక్కసారే విన్నాను. నేను అలా కాదు. నాకు ఒళ్ళు మండిందంటే వీధి చివరి దాకా వినిపిస్తుంది. ఆవిడను అడిగితే ఈ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తుంది కాబట్టి నేనే చెబుతాను.

వదిన పళ్ళ ల్యాబులో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా కిటికీ పక్కన అదే కుర్చీలో కూర్చుని పింగాణీ పళ్ళు చేస్తోంది. పక్క పన్ను ఏ తెలుపో, కట్టే పన్ను కూడా అదే తెలుపు ఉండాలి. అందుకని పదహారు నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ ఒకటి ఎప్పుడూ చేతిలో ఉంటుంది. నేను నవ్వినా ఆవిడ ముందు నా పళ్ళే చూస్తుంది. "టీ తగ్గించావా ఏంటి? రంగు ఒక మెట్టు తేలింది" అంటుంది.

ఆవిడకున్న పిచ్చల్లా పాత పింగాణీ బొమ్మలు. వాటిలోనూ అందగాళ్ళు అక్కర్లేదు, వెక్కిరింపు బొమ్మలే కావాలి. బెత్తెడు ఒంటి మీద పిడికెడంత తల, ఆ తలలో సగం ముక్కు! వందేళ్ళ కిందట ఏదో కార్ఖానాలో చేసిన వరుస అది. దర్జీ, వకీలు, వంటవాడు, పోస్టుమాను, పంతులు, గడియారాలు బాగుచేసేవాడు, పాటగాడు, డాక్టరు, మొత్తం ఎనిమిది మంది. ప్రతి బొమ్మకీ అడుగున చిన్న పిట్ట ముద్ర ఉంటుంది. పాతసామాన్ల కొట్లన్నీ గాలించి వదిన ఏడుగురిని పట్టింది, డాక్టరు మాత్రం దొరకలేదు. అన్నయ్య టీవీ పెడదామనుకున్న చోట అద్దాల బీరువా వెలిసింది. "ఈ ఇంట్లో నాకన్నా ఆ వకీలుకే మర్యాద ఎక్కువ" అని అన్నయ్య గొణుగుతూనే వారం వారం అద్దాలు తుడుస్తాడు.

ఆ ఏడుగురిలో పాటగాడిది వింత వాలకం. చెయ్యి గాల్లోకి ఎత్తి, ఛాతీ విరుచుకుని నిలబడతాడు. మూతి మాత్రం బిగించి, కళ్ళజోడు మీదుగా మనల్ని అనుమానంగా చూస్తాడు. పాటరాని పాటగాడు కాబోలు, అదే అందులో హాస్యమని మేమంతా నవ్వుకునేవాళ్ళం.

కిందటేడు ఊళ్ళో బొమ్మలు సేకరించేవాళ్ళు ప్రదర్శన పెట్టారు. వదినకు గుమ్మం పక్కన కిటికీ దగ్గర బల్ల ఇచ్చారు. ఆ సంఘం పెద్దాయన్ని అందరూ భూతద్దం గారనే అంటారు, మెళ్ళో ఎప్పుడూ అది వేలాడుతుంది మరి. ఆయన వచ్చి పాటగాణ్ణి తిప్పి తిప్పి చూసి, నలభై మంది ముందు అన్నాడు: "తల తెలుపు వేరు, ఒంటి తెలుపు వేరు. కింద ముద్ర అసలుదే కావచ్చు, పైన తల ఎవరో నిన్నగాక మొన్న చేసి అతికించారు. ఇలాంటి నకిలీ సరుకు మా ప్రదర్శనలో ఉండకూడదమ్మా."

నేను నోరు విప్పబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంటికొచ్చి బీరువాకు తాళం వేసింది. ఈ ఏడాది సంఘం నుంచి ఉత్తరం వచ్చింది, పాటగాడు లేకుండా వస్తేనే బల్ల ఇస్తారట. ఇరవై ఏళ్ళుగా ఏరి కూర్చిన మనిషిని కల్తీ సరుకుదానిలా చూస్తారా! చదివి నేను భగ్గుమన్నాను.

"ఆయన కన్ను మంచిదే. రెండు తెలుపులూ వేరే" అంది వదిన నింపాదిగా.

"అంటే ఒప్పేసుకుంటావా వదినా?"

"తల నకిలీ కాదమ్మాయ్. అదీ పాతదే, ఆ కార్ఖానాదే. బట్టీలో ఒక్కో కాల్పుకి ఒక్కో తెలుపొస్తుంది. ఈ తల ఇంకో కాల్పులోది, ఇంకొకరిది."

ఎవరిదో చెప్పలేదు. ప్రదర్శన రోజున ఆరుగురిని బల్ల మీద నిలబెట్టి, నన్ను వెంటబెట్టుకుని తిన్నగా హాలు మధ్యకి నడిచింది. అక్కడ పసుపుపచ్చ దీపాల కింద భూతద్దం గారి డాక్టరు బొమ్మ ఉంది. మెళ్ళో గొట్టం, చేతిలో మందుసీసా, నోరు మాత్రం కొండగుహలా తెరిచి ఉంది. ఊరంతటికీ ఒక్కటే బొమ్మ. ఆ నోటి మీద ఆయన ఏటేటా ఉపన్యాసమిస్తాడు, డాక్టర్ల దురాశ మీద కళాకారుడి చురక అట!

"బాబుగారూ, మీ డాక్టర్ని ఒకసారి వెలుతురులోకి తెస్తారా?" అంది వదిన.

"ఎందుకమ్మా?"

"దీపాల కింద అన్ని తెలుపులూ ఒక్కలాగే ఉంటాయి. మేము పన్ను రంగు కిటికీ దగ్గరే చూస్తాం."

ఆయన డాక్టర్ని దగ్గరికి లాక్కున్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య ఊరుకోలేదు. "ఇవ్వండీ, ఆవిడేం కొరుక్కుతింటుందా?" అంది. చుట్టూ జనం మూగారు, ఇక తప్పలేదు.

కిటికీ దగ్గర వదిన పళ్ళ పట్టీ తీసి డాక్టరు ముఖానికి ఒక పన్ను ఆనించింది, మెడ కింద ఇంకొకటి. చూడటానికి భూతద్దం కూడా అక్కర్లేకపోయింది. పైన పాలమీగడ, కింద నీలి తెలుపు.

"మీదీ అతుకే బాబుగారూ. పాత జిగురు వేణ్ణీళ్ళకి ఊడుతుంది. తీయమంటారా?"

ఆయన ఊ అన్నాడు. వదిన వెంట తెచ్చిన ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్ళు గిన్నెలో పోసి డాక్టర్ని మెడదాకా ముంచింది. ఆ తల పగిలిందా, మా వదిన ఇక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేదు! కాసేపటికి తల మెత్తగా చేతిలోకి వచ్చింది. వదిన సంచిలోంచి తువ్వాలు మూట విప్పింది. పాటగాడు తల వేరుగా, ఒళ్ళు వేరుగా ఉన్నాడు. ఇంట్లోనే విప్పి తెచ్చిందన్నమాట!

నోరు తెరిచిన తలను పాటగాడి మెడ మీద పెట్టింది. విరిగిన అంచులన్నీ కుదురుగా కూర్చున్నాయి, వెంట్రుక పట్టే సందు లేదు. ల్యాబు మైనం కాస్త అంటించింది. ఎత్తిన చేత్తో, విరిచిన ఛాతీతో పాటగాడు నోరారా పాట ఎత్తుకున్నాడు. కళ్ళజోడు తల డాక్టరు మీదికి చేరింది. ఇప్పుడా డాక్టరు మూతి బిగించి, మన జబ్బేంటో కనిపెట్టినట్టు చూశాడు. ఒకే తెలుపు, పైనా కిందా. హాలు హాలంతా చప్పట్లు! ఎప్పుడో రెండు బొమ్మలూ ఒకే ఇంట్లో విరిగితే అతికినవాడెవడో తలలు మార్చేసి ఉంటాడు, అంతే.

"మరి మీ ఉపన్యాసం సంగతేంటండీ?" అని భార్య అడిగేసరికి ఆయనకే నవ్వొచ్చింది. ఎంతైనా మనిషి మంచివాడే. అందరివైపూ తిరిగి, "కిందటేడు ఈవిడ్ని ఇక్కడే అవమానించాను. పొరపాటు నాది. ఇవి రెండూ నికార్సైన బొమ్మలు" అన్నాడు. "రండమ్మా, మధ్య బల్ల మీకిస్తాను."

అప్పుడు విన్నాను మా వదిన గొంతు. హాలు చివరి దాకా వినిపించింది.

"మేం కిటికీ దగ్గరే ఉంటాం బాబుగారూ! మీ డాక్టర్నే ఇక్కడికి పంపించండి!"

ఆయన డాక్టర్ని రెండు చేతులా పట్టుకుని తెచ్చి, పాటగాడి పక్కన నిలబెట్టాడు. ఎనిమిది మంది ఒక్క వరుసలో నిలిచారు. ఆ వెనకే తమ తమ బొమ్మలు పట్టుకుని జనం మా బల్ల ముందు బారులు తీరారు, వదినకు చూపించుకోవడానికి.