నకలు అన్న మాట

ఆ రోజు పొద్దుటి నుంచి వాన. సర్వర్ గదిలో ఏసీ నీళ్లు కారుస్తుంటే కింద బకెట్టు పెట్టి, తడిసిన కేబుళ్లు తుడుస్తున్నాను. సార్ వాళ్లుండే డైరీ ఫార్మ్ పేట నుంచి ఫోను వచ్చింది. మా సార్ నిద్రలోనే పోయారని ఆయన భార్య చెప్పింది. ఫోను పెట్టేసి మిగిలిన కేబుళ్లు కూడా తుడిచాను.

స్వతంత్రం వచ్చాక ఓడల్లో తెచ్చి ఈ దీవుల్లో భూమి ఇచ్చిన కుటుంబాల కాగితాలను స్కాన్ చేసి దాచే ఆఫీసు మాది. ఆ యంత్రాల పని నాకు నేర్పింది సార్. ఆరు గంటలకోసారి యంత్రం తనలో ఉన్నదాన్ని ఉన్నట్టు గుర్తు పెట్టుకుంటుంది. అది స్నాప్‌షాట్. పావుగంటకోసారి ఇక్కడి మార్పులన్నీ మెయిన్‌ల్యాండ్‌లోని జంట యంత్రానికి పోతాయి. అది రెప్లికేషన్. అక్కడొక కాపీ ఉండగా ఇక్కడ స్నాప్‌షాట్లు దేనికని మొదట్లో సార్‌ని అడిగాను.

"ఓడకి మంచి సరుకేదో చెడ్డ సరుకేదో తెలుస్తాదేటిరా? ఎక్కించిందల్లా మోసుకుపోద్ది. నువ్వు తప్పు చేస్తే పావుగంటలో ఆ తప్పు కూడా అవతల దిగిపోద్ది. నిన్నెలాగున్నాదో సెప్పేది స్నాప్‌షాటే."

చెప్పులు బయట విడిచి గదిలోకి వచ్చేవారు. ఆ ఏసీ చలిలో మెడకు తువ్వాలు చుట్టుకునేవారు. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్తూ కూడా ఆగి, పాత స్నాప్‌షాట్ ఒకటి తెరిచి ఏదో ఒక కాగితం బయటికి తీసి చూసేవారు. "తియ్యడం రాని కాపీ కాపీ కాదురా" అనేవారు.

స్నాప్‌షాట్ల జాబితాకు ఆయన తెలుగు పేరే పెట్టారు. మా కుర్రవాళ్లకు తెలుగు మాట వచ్చుగాని అక్షరం రాదు. అందుకని ఇంగ్లిషు అక్షరాల్లో 'నకలు' అని రాశారు.

ఒకసారి సార్ సెలవు పెట్టి విశాఖ ఓడ ఎక్కారు. ఓడలో ఫోను అందదు. మా పెద్ద సాహెబ్‌కు ఏదో ప్రారంభోత్సవం వీడియోలు దాచుకోవడానికి చోటు కావలసి వచ్చింది. నా వెనక నిలబడి తెర చూశాడు.

"యే క్యా హై? నక్లీ మాల్ క్యోఁ రఖా హై? సబ్ హటావో." అంతా తీసెయ్యమన్నాడు.

"సాబ్, సార్ కో ఆనే దీజియే." సార్ వచ్చేదాకా ఆగమన్నాను.

"ఇక్కడ సాహెబ్ నేనా, ఆయనా?" అని హిందీలోనే గద్దించాడు.

పక్కనున్న క్లర్కు, "తెలుగోళ్ల దుకాణంలో అంతా నక్లీయే భయ్యా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హిందీలో నక్లీ అంటే దొంగ సరుకు. మనకు నకలంటే మూలానికి సరిపోయే ప్రతి. ఆ తేడా చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. చెప్పలేదు. స్నాప్‌షాట్లన్నీ నా చేత్తోనే తీసేశాను. తరవాతి విడతలో అవతలి యంత్రంలోనూ పోయాయి.

మర్నాడు ఎవరో తుక్కు తీసేస్తూ పొరపాటున హోప్ టౌన్ ఊరి కుటుంబాల కాగితాలున్న ఫోల్డరు చెరిపేశారు. పావుగంటలో అవతలా చెరిగిపోయింది. అసలు కాగితాలు అప్పటికే చెదలు తిన్నవి.

విచారణలో సాహెబ్ తానేమీ చెప్పలేదని రాశాడు. స్నాప్‌షాట్లు నేనే తీశానని నేను రాశాను. కాపలా సరిగా లేదని ఫైల్లో సార్ మీద తప్పు రాశారు. ఊరి నుంచి తిరిగొచ్చిన సార్ నన్ను పిలిచారు.

"నువ్వే నొక్కినావేటిరా?"

"అవును సార్."

"సాహెబ్ సెప్తేనే గదా?"

"అవును సార్."

"మరా రెండో ముక్క రాయలేదేం?"

ఉద్యోగం పోతుందని భయం.  సార్ మళ్లీ ఎప్పుడూ అడగలేదు. నాకు పని నేర్పడమూ మానలేదు.

ఆ వారం హార్బరు దాటి హోప్ టౌన్‌లో ఇల్లిల్లూ తిరిగారు, ఎవరి దగ్గరైనా జిరాక్సు ఉందేమోనని. నేనూ వెంట వెళ్లాను. ఒక మామ్మ గుమ్మంలోనే ఆపేసింది. "నీ మిషన్లో బద్రమన్నావు గదా నాయనా! ఆ మాటకేనా కాపీ ఉన్నాదా?"

"లేదమ్మా. తప్పు మాదే" అన్నారు సార్. మాదే అన్నారు, వాడిదే అనలేదు. దొరికిన నాలుగు జిరాక్సులూ గుడ్డలో చుట్టి తెచ్చి స్కాన్ చేయించారు. ఆ మచ్చతోనే రిటైరయ్యారు.

ఫోను వచ్చిన మర్నాడు పొద్దున సార్ ఇంటికి, శవం దగ్గరికి, సాహెబ్ పూలచక్రంతో వచ్చాడు. సార్ నమ్మకానికి మారుపేరని మాట్లాడాడు. నేను చేతులు కట్టుకుని విన్నాను. 

సార్ భార్య లేచి నిలబడింది. "ఫైల్లో రాసింది అబద్ధమని ఒక్క మాట సెప్పండి సాబ్. అందరూ ఉన్నారు గదా."

"బాద్ మేఁ బాత్ కరేంగే, బెహన్‌జీ" అని, తరవాత మాట్లాడదామన్నట్టు సాహెబ్ దండం పెట్టాడు.

సాహెబ్ పదిన్నరకు వెళ్లిపోయాడు. ఆఫీసు వాళ్లు ఆ వెనకే జీపులో వెళ్లారు. అప్పుడు నేను ఆమెకు రెండో ముక్క చెప్పాను, సాహెబ్ చెప్తేనే తీశానని. ఆమె విన్నది. లోపలికి వెళ్లింది. పదకొండుంబావుకు సార్‌ను సమాధి చెయ్యడానికి తీసుకెళ్లారు.