కానా పెళ్లిలో నీళ్లు మోసినవాళ్లు

మోత్కూరు దగ్గర మా చర్చికి వచ్చిన పాస్టరుకు ఒక అలవాటుండేది. బైబిల్లో ఏ కథ చదివినా పుస్తకం మూసి, "గీ కథల పనిచేసిందెవలు?" అని మమ్మల్ని అడిగేవాడు. కానా అనే ఊళ్లో జరిగిన పెళ్లిలో నీళ్లు ద్రాక్షారసమైన కథ చదివిన రోజు, ఆ అద్భుతం ముందుగా తెలిసింది నీళ్లు నింపిన పనివాళ్లకేనని ఆయన చెప్తే, కూలికి పోయే ఆడవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

ఆ మధ్యాహ్నం చర్చి భోజనాల్లో ఆయన మొదటి వరసలో కూర్చున్నాడు. బోరింగు నుంచి నాలుగో బిందె మోసుకొస్తున్న ఒక అవ్వ ఆయన ముందు ఆగింది.

"అయ్యగారూ, గీ దావత్‌ల పనిచేసిందెవలు?"

ఆయన గబుక్కున లేచి బిందె అందుకున్నాడు. ఆ ఒక్క బిందెనే ఎవరో ఫొటో తీశారు.

కొత్త సంవత్సరం చర్చి క్యాలెండరు మీద బిందెతో ఆయనే నవ్వుతున్నాడు. పక్కన అవ్వ మోచెయ్యి మాత్రం పడింది.