పటం కింది బీట

కూర వడ్డించకముందే "ఉప్పు జర ఎక్కువైంది" అని చెప్పేసే మనిషి మా మేనత్త. బెల్లంపల్లిలో ఇల్లు అమ్మి, కరీంనగర్‌లో మెస్సు పెట్టాలని ఆమె ఆశ. బొగ్గు గనుల పేలుళ్లకు హాలు గోడ బీటవారింది. బ్రోకర్ దానిమీద వెంకన్న పటం తగిలించాడు. అతను అమ్మకానికి పెట్టిన ఫొటో నేను ఫోన్లో చూశాను, గోడ భలే ఉంది.

కొనేవాళ్లు ఇల్లు చూడ్డానికి రాగానే, నేను పక్కనుండగానే అత్త పటం దించేసింది.

"దేవుణ్ని దొంగపనికి కాపలా పెడ్తరా?" అంది బ్రోకర్‌తో.

"అత్తా, బేరం పోతది!" అని అరిచాను.

"పోతే పోనీ. రేపు వాళ్ల పిల్లలు పండుకునే ఇల్లురా ఇది."

వచ్చినాయన గోడ తడిమి నవ్వాడు. "గీ ఊర్ల బీట లేని ఇల్లేది అక్కా? అన్ని ఇండ్లల్ల పటాలు మేమే లేపి చూసినం. నువ్వొక్కదానివే తీసి చూపెట్టినవ్. గీ ఇల్లే తీసుకుంటం."

"మా అత్త!" అన్నాను నేను, వీధిలోకి వినపడేలా.