గుమ్మం పక్కన ఎర్రమట్టి నంబరు

అమెరికాలోని ట్రాయ్‌లో మా అమ్మాయి శనివారాలు లైబ్రరీలో వంశవృక్షం క్లాసుకు వెళ్తుంది. నా ఒక్కదాని కోసం ఇంట్లో హీటరు వేసి ఉంచడం దండగని నేనూ వెంట వెళ్లేదాన్ని.

అక్కడొక అమెరికా ముసలమ్మ పాత జనాభా లెక్కల కాగితం కంప్యూటర్‌లో తీసి చూపించింది. డెబ్బై రెండేళ్లు దాటిన లెక్కలు ఈ దేశంలో ఎవరైనా చూడవచ్చట. ఒక ఇంట్లోవాళ్లందరి పేర్లూ వయసులూ చేతిరాతలో వరసగా ఉన్నాయి. చివర ఒక పసిపిల్ల. ముసలమ్మకు మేనత్త. ఏడాది తిరక్కుండా పోయిందట. ఫోటో లేదు, సమాధి ఎక్కడో తెలియదు, ఈ ఒక్క వరసే మిగిలిందని ఆమె అంటే మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది.

కారెక్కాక అన్నాను, "నాకొక చెల్లెలుండేది. నీ చార్టులో దాన్ని ఎక్కించు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా?"

"నువ్వు అడిగావా?"

"రికార్డ్ లేకుండా ఎవర్నీ యాడ్ చేయొద్దని క్లాస్‌లో రూల్. మన ఊరి సెన్సస్ వెతుకుతాలే."

వెనక తెల్లగా ఉన్న ప్రకటన కాగితం ఒకటి దాచి ఉంచాను. దాని మీద ఊరు, తాలూకా, జిల్లా రాసిచ్చాను. చెల్లెలి ఫోటో లేదు, బడి మెట్టెక్కలేదు. అన్నయ్య పోయాక దాని ముఖం ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే. నాతో అదీ పోతుంది.

రెండు వారాలు వెతికింది.

"మన దగ్గర పేర్లు బయటపెట్టరమ్మా. ఊరి టోటల్ ఒక్కటే దొరికింది. ఇదిగో, ఆడవాళ్ల నంబర్. ఇందులో నువ్వున్నావు, పిన్నీ ఉంది. ఇదే అటాచ్ చేసేదా?"

"అది లేదు అందులో."

"ఎందుకుండదు? అప్పటికి పుట్టిందన్నావుగా."

చెప్పక తప్పలేదు. లెక్కల వాళ్లు ముందే మా గుమ్మం పక్కన ఎర్రమట్టితో నంబరు వేసి పోయారు. అప్పటికే ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకుంది మా అమ్మ. పిల్లల్ని లెక్కపెట్టి చెబితే దిష్టి తగులుతుందని ఆమె భయం. పేర్లు రాసుకునే ఆయన వచ్చిన రోజు, పరాయి మగవాడి ముందుకు రాదు కనుక మూడో తరగతి చదివే నన్ను వాకిట్లోకి పంపింది. చెల్లెల్ని ఒళ్లో అదిమిపెట్టుకుని తలుపు వెనక కూర్చుంది.

"ఇద్దరే అని చెప్పు," అంది.

పిల్లలెంతమంది అని ఆయన అడిగాడు. అన్నయ్యా నేనూ ఇద్దరమేనని తడుముకోకుండా చెప్పాను. చురుకైన పిల్లవని మెచ్చుకుని రాసుకున్నాడు. ఆ వానాకాలంలోనే చెల్లెలు జ్వరంతో పోయింది. పదకొండో రోజు దాటాక అమ్మ తడిగుడ్డ తెచ్చి గుమ్మం పక్కన నంబరు తుడిచేసింది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు.

మా అమ్మాయి కంప్యూటరు దగ్గరికి జరుపుకుంది.

"రికార్డ్ ఏమని పెట్టను?"

"నేను చెప్పానని పెట్టు."

నేను చెప్పిన పేరు టైపు కొట్టింది. చార్టులో నా పేరు పక్కన ఇంకో గడి వచ్చింది.

"వయసెంతమ్మా?"

రెండున్నరో మూడో, నాకు తెలియదు. వయసు గడి అలా ఖాళీగానే ఉంది. ముగ్గురమని నేను చెప్పి ఉంటే ఆయన దాని వయసు అడిగేవాడు. తలుపు వెనక నుంచి మా అమ్మ చెప్పేది.