ఇరవై ఒకటి మోడల్ పడవ

పాత చేపల పడవ కొనేటప్పుడు ‘మోడల్’ అన్న మాటను మనవాళ్లు ఎలా పొరపాటుగా అర్థం చేసుకుంటారో రాసి ఉంచవలసిన బాధ్యత నాపై ఉంది. ఆ మాట దగ్గర నేనూ పొరబడ్డాను గనుక.

అది వర్జీనియాలో పడవల సర్వేయరుగా నా చివరి ఏడాది, ఏప్రిల్ నెల. కొనబోయేవారి తరఫున పడవను పరీక్షించి నివేదిక ఇవ్వడం నా పని. చెసపీక్ అఖాతం ఒడ్డున అమ్మకానికి ఉన్న చిన్న పడవను చూడమని హెర్న్‌డన్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు శ్రీకాంత్ నన్ను పిలిచాడు. వచ్చే ఆదివారం రెండు కుటుంబాల వాళ్లు, మొత్తం ఎనిమిది మంది, అందులో చేపల వేటకు వెళ్లాలని ఏర్పాటు.

అమ్మే వ్యక్తి వాల్టర్, ఎనభై దాటిన మత్స్యకారుడు. ఫోనులో అతడు “ట్వంటీ వన్ మోడల్” అన్నాడట. కారు ఏ మోడలని అడిగితే సంవత్సరం చెప్పడం మన అలవాటు. శ్రీకాంత్ దాన్ని 2021లో చేసిన పడవ అనుకున్నాడు. ట్రెయిలరు మీద వెలిసిపోయిన పడవను చూడగానే అతని భార్య లావణ్య, “కొత్త బోట్ అని చెప్పి మ్యూజియంకి డ్రైవ్ చేశావేంటి?” అంది.

పడవ ఏ ఏటిదో వెనుక పలకపై ఉండే గుర్తింపు సంఖ్యలోని చివరి రెండంకెలు చెబుతాయి. అవి 88. ఇరవై ఒకటి అంటే అడుగుల పొడవని శ్రీకాంత్‌కు కాస్త కటువుగానే బోధించి, కొలవకముందే ఫారంలో అలాగే రాశాను. ఇరవై అడుగుల లోపు మోటారు పడవలో ఎంతమంది ఎక్కవచ్చో తెలిపే రేకు తప్పనిసరి, ఆపైన అక్కర్లేదు. కనుక ‘రేకు అవసరం లేదు’ అనీ రాశాను.

తర్వాత ప్లాస్టిక్ సుత్తితో అడుగు భాగమంతా తట్టాను. చెమ్మ చొచ్చిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది. అన్నేళ్లు ఉప్పునీటిలో తిరిగిన ఆ పడవ ముందు కొస నుంచి వెనుక పలక దాకా ఒకే గట్టి శబ్దంతో పలికింది. అంతటి పనితనం నేను అరుదుగా చూశాను. రెండోసారి కేవలం వినడానికే తట్టాను.

చివరికి టేపు పట్టాను. ముందు కొస నుంచి వెనుక పలక వరకే కొలవాలి. తరువాత తగిలించినవి లెక్కలోకి రావు. పంతొమ్మిది అడుగుల రెండు అంగుళాలు. మళ్లీ కొలిచినా అంతే. పంతొమ్మిది, ఇరవై ఒకటి మోడళ్లు ఒకే అచ్చులో తీసినవేనని, వెనుక ఇంజను మోసే బ్రాకెట్ చేర్చి కంపెనీ అంకె పెంచిందని వాల్టర్ నవ్వుతూ చెప్పాడు.

అయితే రేకు ఉండి తీరాలి. ఎక్కడా కనిపించలేదు. వాల్టర్ కళ్లు మూసుకుని, స్టీరింగు పక్క గోడ మీద అరచేయి నెమ్మదిగా జరిపి ఒకచోట ఆపాడు.

“ఇక్కడ గీకండి. మూడుసార్లు రంగు వేసింది నేనే.”

గీకితే పొరల కింద నుంచి అక్షరాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఐదుగురు. నా పరికరాల పెట్టెలో ఆ అరచేతికి సాటివచ్చేది ఒక్కటీ లేదు.

“అంకుల్, ఎయిట్ మెంబర్స్ అని అందరికీ చెప్పేశాను. పిల్లలే కదా, అడ్జస్ట్ అవుతారు,” అన్నాడు శ్రీకాంత్.

“నీళ్లు అడ్జస్ట్ కావు,” అన్నాను.

లావణ్య తేల్చేసింది. “టూ ట్రిప్స్ వేద్దాం. డ్రైవర్‌వి నువ్వే కాబట్టి నీకు డబుల్ డ్యూటీ.”

నా రెండు తప్పుడు నమోదులను వాళ్ల ఎదుటే కొట్టివేసి, పక్కన సంతకం చేశాను. శ్రీకాంత్ పడవ కొన్నాడు. ఆదివారం ఐదుగురు వెళ్లి వచ్చాక తక్కినవాళ్లు వెళ్లారు.

మోడల్ అంకె తయారీదారు పెట్టిన పేరు మాత్రమే. కొలవకముందు రాసినది, ఎంత అనుభవజ్ఞుడు రాసినా, ఊహే. ఇందులో నియమాన్నో, కొలిచే పద్ధతినో నేను తప్పుగా చెప్పి ఉంటే, తెలిసినవారు మొహమాటపడక ఏ వాక్యంలో ఏది తప్పో రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.